నాలుగో ఫ్యాక్టరీ

పలాసలో పొద్దున్నుంచి సుకాంతి ఎక్కిన నాలుగో జీడి ఫ్యాక్టరీ గడప ఇది. బరంపురం పక్క పల్లె నుంచి పనికోసం వచ్చింది, తెలుగు ముక్క రాదు.

"నీకేటి పనొచ్చు?" అన్నాడు మేస్త్రీ.

అర్థం కాలేదని ఒరియాలో చెప్పింది. అతను అదే మాట గట్టిగా అన్నాడు. మూడోసారి చెవి దగ్గరకొచ్చి మరీ అరిచాడు. అరిస్తే తెలుగు కాస్తా ఒరియా అయిపోతుందా? సుకాంతికి ఒళ్లు మండిపోయింది.

విసురుగా వెళ్లి, పిక్కలు కొట్టే ఖాళీ పీట మీద కూర్చుంది. ఒళ్లు కాల్చే జీడిసొన అంటకుండా చేతులకు బూడిద రాసుకుంది. కాల్చిన జీడిపిక్కని కర్రతో ఒక్క దెబ్బ కొట్టి, పప్పు విరగకుండా తీసి అతని అరచేతిలో పెట్టింది. ఆ వెంటనే ఇంకోటి, ఇంకోటి.

మేస్త్రీ నోరెళ్లబెట్టాడు. "ఇంత పనొచ్చని ముందే సెప్పొచ్చు కదేటి! రేపట్నుంచి వచ్చీ!" అని సంబరంగా అరిచాడు.

మళ్లీ తిట్టాడనుకుని, సుకాంతి సంచి భుజానేసుకుని ఐదో ఫ్యాక్టరీకి బయల్దేరింది.