మంగుకు మేబెలక్క కలిపిచ్చిన డబ్బాలు

లాలాగూడలో మా లైనులో మేబెలక్క తెలియని ఇల్లు లేదు. భర్త పేతురు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆమె సీతాఫల్‌మండిలో ఒక మందుల దుకాణంలో పదహారేళ్లుగా పని చేస్తోంది. చదివింది ఏడో తరగతే. అయినా డాక్టర్లు చీటీ మీద ఎంత అడ్డదిడ్డంగా గీకినా చదివేస్తుంది. ఏ మాత్ర ఏ అరలో ఉందో చూడకుండా చెయ్యి పెట్టి తీస్తుంది. మనిషి మాత్రం ఒక్కచోట నిలవదు. మా ఇంటికి వచ్చి కూర్చోమంటే కూర్చోదు. గడపలో నిలబడి చాయ తాగుతూనే మా కిటికీ ఊచల దుమ్ము వేలితో తుడుస్తూ ఉంటుంది.

ఆమెకు రెండో కాన్పు తర్వాత మంగు వచ్చింది. రెండు బుగ్గల మీద, పై పెదవి మీద, చాయ ఒలికి ఆరినట్టు గోధుమరంగు మచ్చలు. శని పట్టిందన్న ముసలమ్మలు ఉన్నారు. జాజికాయ అరగదీసి పాలలో కలిపి రాసింది, ఆలుగడ్డ ముక్క రుద్దింది. ఎవరో చెప్పారని నిమ్మచెక్క రుద్దుకొని, కడుక్కోకుండానే ఎండలో బట్టలు ఆరేయడానికి పోయింది. బుగ్గ కమిలిపోయి, ఉన్న నలుపుకు ఇంకో నలుపు తోడైంది. అప్పుడు దుకాణానికి వచ్చిన కంపెనీ మనిషి ఒక ట్యూబు చూపించాడు. ఇరవై రోజుల్లో ముఖం తేటబడింది. మేమంతా నోరు తెరిచి చూశాం.

ట్యూబు కొంచెం మంట పెట్టేది. అందుకని మేబెలక్క దాన్ని కోల్డ్ క్రీములో, కలబంద జెల్లులో కలిపి, బంగారం దుకాణంవాళ్లు కమ్మలు పెట్టి ఇచ్చే గుండ్రటి గులాబీరంగు డబ్బాల్లో నింపింది. ట్యూబు ఖరీదు తప్ప ఎవరి దగ్గరా పైసా ఎక్కువ తీసుకోలేదు. ఎవరి ముఖం మీద మంగు కనబడినా ఆమె చెయ్యి ఊరుకోదు, అంతే. అట్లా పదకొండు మంది చేతికి పదకొండు డబ్బాలు పోయాయి. అందులో ఒకటి నాది.

అందరికంటే ఎక్కువ రాసింది జెనిఫర్. మేబెలక్క చెల్లెలి కూతురు, ఒక ఆఫీసులో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. రెండేళ్లు వదలకుండా రాసింది. ఈ ఎండాకాలం మొదట్లో ఆ పిల్ల ముఖం ఎర్రగా ఉడికినట్టయింది. పొయ్యి దగ్గర నిలబడితే మంట. బుగ్గల మీద సన్నటి వెంట్రుకలు, ముక్కు పక్కన ఎర్రటి నరాలు దారాల్లాగా. మంట పుడుతోందని చెబితే మేబెలక్క ఏమందో తెలుసా? "రెండుపూటల రాయి బిడ్డా, చల్లబడ్తది" అంది. తానన్న ఆ మాటను ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

వారం చూసి, ఇద్దరూ పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయారు.

"ముఖానికి ఏం రాస్తున్నావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

జెనిఫర్ బ్యాగులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది.

"ఏ కంపెనీ ఇది?"

"కంపెనీ గాదు మేడం. కలిపింది."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్లు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఇందులో స్టెరాయిడ్ ఉన్నట్టుంది. మంగుకు అలాంటి ట్యూబు మేమూ రాస్తాం. కొన్ని వారాలు, అదీ మా కళ్ల ముందు. రెండేళ్లు రాస్తే చర్మం పల్చబడి ఇట్లాగే అవుతుంది. ఎవరిచ్చారు?"

జెనిఫర్ పక్కకు చూడలేదు. "దుకాణంల ఇచ్చిన్రు మేడం" అంది.

అప్పటిదాకా తానే కలిపానని చెప్పుకుందామని ఉబలాటంగా కూర్చున్న మేబెలక్కకు నాలుక మీద మాట నాలుక మీదే ఉండిపోయింది. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "మీరు పెద్దవారు కదా, మీరైనా వద్దని చెప్పొద్దా?" అంది.

"తప్పే మేడం" అంది మేబెలక్క.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలకు వెనక లైనులో ఉన్నవాళ్లు విసుక్కున్నారట. ఇప్పుడు ఆపేస్తే ఏమైతది? ఉన్నట్టుండి ఆపితే ముఖం ఇంకా మండొచ్చు, అందుకే ఎవరికి వాళ్లు ఆపకుండా వచ్చి చూపించుకోవాలంది డాక్టరమ్మ. మంగు పూర్తిగా పోతదా? తగ్గుతుంది, కానీ ఎండ తగిలితే మళ్లీ వస్తుంది. సన్‌స్క్రీన్ పొద్దున ఒకసారి పూసి మరిచిపోతే లాభం లేదు, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి పూయాలి, గొడుగు పట్టాలి, పొయ్యి వేడికి ముఖం పెట్టొద్దు, రుద్దొద్దు, గీరొద్దు.

"కడుపుతోని ఉన్నోళ్లు రాస్తే?"

"అస్సలు వద్దు. కలిపిన ట్యూబుల్లో ఏ మందుంటుందో ఎవరికి తెలుసు? గర్భంలో వచ్చిన మంగు చాలామందికి కాన్పు తర్వాత దానంతట అదే తగ్గుతుంది. అప్పటిదాకా ఎండ కాచుకుంటే చాలు."

బయటకొచ్చి ఆటో ఎక్కాక మేబెలక్క సీటు చిరుగును వేలితో గీకుతూ కూర్చుంది.

"పెద్దమ్మా, ఏమన్న అనరాదు" అంది జెనిఫర్.

"ఏమనాలె బిడ్డా? ఫెయిత్‌కు ఇచ్చిన."

ఫెయిత్ మా పాస్టరు గారి కోడలు. అప్పటికి నాలుగో నెల. నెల తప్పినప్పటి నుంచే బుగ్గలు నల్లబడుతున్నాయని ఏడుస్తుంటే, రెండు నెలల కింద గుడి గేటు దగ్గర మేబెలక్క కొంగు చాటున డబ్బా చేతిలో పెట్టింది. చాటున ఎందుకంటే, ఫెయిత్ అత్త ఎలీనమ్మ గారు చర్చిలో స్త్రీల కూటంలో ముందు నిలబడి, దేవుడిచ్చిన ముఖానికి ఈ మెరుగులెందుకని నెలకోసారైనా చెబుతుంది.

ఆ సాయంత్రం నుంచి మేబెలక్కకు కాలు నిలవలేదు. దుకాణం నుంచి వస్తూ ఒక ఇల్లు, పోతూ ఒక ఇల్లు. కానీ నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఆ లాట్ ఖరాబైందంట, డబ్బా వాపస్ ఇయ్యి" అంది అందరితో. అది ఇంకో తలనొప్పి తెచ్చింది.

"మరి కొత్తదెప్పుడిస్తవక్కా?"

"ఈసారి జెర గట్టిగ కలుపు, మూతి పక్కన ఇంకా పోలే."

ఇస్త్రీ బండి కల్పలత అయితే డబ్బా చూపించను కూడా లేదు. "ఖరాబైతే ఖరాబైంది గానీ, నాకైతే మంచిగనే పనిచేస్తుంది. నువ్వేం పరేషాన్ గాకు" అని తలుపు వేసుకుంది. ఇంకొకళ్లను ఏమని అంటాను? నేను ఖాళీ అయిన డబ్బా ఇస్తూ, నింపి తెమ్మని చెప్పినదాన్నే.

ఐదు రోజుల్లో ఏడు డబ్బాలు వచ్చాయి. ఫెయిత్‌ది రాలేదు. ఫోను చేస్తే అత్తే ఎత్తుతుంది.

"ఫెయిత్ పన్నది. నాకు చెప్పు సిస్టర్, ఏంది సంగతి?"

"ఏం లేదు పాస్టరమ్మ గారూ. వందనాలు."

మూడుసార్లు ఇట్లాగే. మూడోసారి ఎలీనమ్మ గారు, "వందనాలు చెప్పనీకే గిన్నిసార్లు చేస్తున్నవా?" అని అడిగింది. పేతురు అన్నం పెట్టుకొని పిలిస్తే, మేబెలక్క కంచం చేత్తో పట్టుకొని గదిలో తిరుగుతూ తింది. "ఇంటికి పోయి అడగరాదు" అన్నాడు పేతురు. "పోతే డబ్బా సంగతి అత్తకు తెలుస్తది. ఆ పిల్లను ఇల్లంత కలిసి తింటరు" అంది ఆమె. "తెల్వకపోతే కడుపుల పిల్లకేమన్న అయితదేమో" అని మళ్లీ ఆమే అంది. ఆ రెండింటి మధ్య బుధవారం వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం మా స్త్రీల కూటం. పాట అయ్యాక సాక్ష్యాలు. జ్వరం తగ్గిందని ఒకరు, కొడుకు పరీక్ష పాసయ్యాడని ఒకరు, కృతజ్ఞత చెప్పి కూర్చుంటారు. మేబెలక్క లేచింది. చేతిలో బైబిలు లేదు, మందుల దుకాణం కవరు ఉంది.

"దేవునికి స్తోత్రం. నేను మందుల దుకాణంల పనిచేస్త, డాక్టర్ను గాను. గానీ డాక్టర్ లెక్క పదకొండు మందికి ముఖానికి రాసుకునే క్రీం కలిపిచ్చిన."

ముందు కుర్చీలో ఎలీనమ్మ గారు దగ్గింది. "సిస్టర్, సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పాలె."

"చెప్తనమ్మా, ముందుగాల నేను చేసిన కీడు చెప్పనియ్యున్రి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. జెనిఫర్ ముఖం ఎట్లా అయిందో మేబెలక్క చెప్పింది. తన చెల్లెలి కూతురు అనే చెప్పింది, దాచలేదు. వెనక నుంచి ఒకామె ఉండబట్టలేక అడిగేసింది.

"అక్కా, లాట్ ఖరాబైందంటివి గదా!"

"అబద్ధం చెప్పిన. లాట్ ఏం ఖరాబు గాలే. నా తెలివే ఖరాబైంది."

డాక్టరమ్మ చెప్పిందంతా ఒక వరస లేకుండా చెప్పింది. గొడుగు సంగతి మధ్యలో స్టెరాయిడ్, స్టెరాయిడ్ మధ్యలో నిమ్మకాయ. ఎవరికి వాళ్లు ఆపి ఊరుకోవద్దు, డబ్బా తిరిగిచ్చినవాళ్లతో సహా అందరం ఆసుపత్రికి పోదాం, నేనే లైనులో నిలబడతా అంది. ఆఖరికి గోడ గడియారం వైపు చూస్తూ, "ఎవరన్న కడుపుతోని ఉంటే అసలే ముట్టొద్దు. ఇయ్యాల్టి నుంచే వొద్దు. ఇప్పటిదాంక రాస్తే గాబర గాకున్రి, మీ కాన్పు డాక్టర్‌కు ఒక మాట చెప్పున్రి" అంది. ఫెయిత్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మేమెవ్వరం కూడా చూడకుండా ఉండడానికి తెగ కష్టపడ్డాం.

"ఇంక కూర్చో సిస్టర్. ప్రార్థన చేద్దాం" అంది ఎలీనమ్మ గారు. చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంది.

ప్రార్థన అయ్యాక కుర్చీలు మడతపెట్టే వంతు నాది. మేబెలక్క నా పక్కనే ఉంది, మడతపెట్టిన కుర్చీనే మళ్లీ తెరిచి మళ్లీ మడతపెడుతోంది. ఫెయిత్ నీళ్ల సీసా కోసం వచ్చినట్టు వచ్చి, గుసగుసగా అంది.

"ఆంటీ, నేను రాయలే. నాలుగు రోజులు రాసిన, ఆ వాసనకు వాంతులే వాంతులు. బాత్రూం కిటికీల పెట్టిన. మళ్ల చూస్తే డబ్బా లేదు."

"నాలుగు రోజులేనా? ఒట్టు?"

"నిజమే ఆంటీ."

మేబెలక్క ఆ పిల్ల గడ్డం పట్టుకొని వెలుతురుకు తిప్పి చూసింది. బుగ్గల మీద మంగు ఎక్కడిది అక్కడే ఉంది. మంగు అట్లా ఉన్నందుకు సంతోషపడిన మనిషిని నేను అప్పుడే చూశాను. "డాక్టర్‌కు మాత్రం ఒక మాట చెప్పు" అని, వెంటనే, "మరి డబ్బా ఎటు పాయె?" అంది.

ఫెయిత్ నీళ్ల సీసా అందుకొని తల దించుకొని వెళ్లిపోయింది. ఎందుకంటే వెనకాల ఎలీనమ్మ గారు వస్తోంది.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను కుర్చీలతో చప్పుడు చేశాను. ఎలీనమ్మ గారు చేతిసంచిలోంచి గులాబీరంగు డబ్బా తీసి మేబెలక్క అరచేతిలో పెట్టింది.

"మా ఇంట్ల దొరికింది. ఎవరిదో."

మేబెలక్క మూత తీసింది. అడుగున వేలి గీతలు. "రాసిన్రా అమ్మగారూ?"

"జెరంత."

"ఎన్ని రోజులు?"

"నెలన్నర." ఆ తర్వాత చాలా చిన్నగా, "మందని తెల్వదు. మంచి క్రీమనుకున్న" అంది.

అప్పుడు గాని నాకు వెలగలేదు. నలభై రోజుల ఉపవాస కూటాల్లో పాస్టరమ్మ గారి ముఖం మెరిసిపోతుంటే, ప్రార్థన తేజస్సు అని మేమంతా చెప్పుకున్నాం. నేనైతే మా ఆడబిడ్డకు ఫోను చేసి మరీ చెప్పాను.

"ఇప్పుడు మండుతుందా?"

"పొద్దున లేస్తే గుంజినట్టయితది. ఎండలకు పోతే చురచుర. పౌడరేస్కొని వస్తున్న."

"శుక్రారం జెనిఫర్‌ను తీస్కపోతున్న. మీరు సుత రాండ్రి."

"పాస్టరు గారికి ఏమని చెప్పాలె?"

"మంగు వచ్చిందని చెప్పున్రి. మంగు పాపం గాదు గదా."

ఎలీనమ్మ గారికి నవ్వొచ్చింది, కానీ నవ్వితే బుగ్గ గుంజిందేమో, చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెళ్లబోతూ మళ్లీ ఆగింది.

"ఇంకొక మాట. ఇందులకెళ్లి సగం మా చెల్లెకు ఇచ్చిన. కాజీపేటల టీచరు. వాళ్ల స్కూల్ల ఇంకో ఇద్దరికి పంచిందంట."

మేబెలక్క ముఖం చూడాలి. పదకొండు ఇచ్చి, పదకొండు వెనక్కి తెస్తే అయిపోతుందనుకుంది పాపం. నాకు కూడా అప్పుడే గుర్తొచ్చింది. నేనూ మా తోటికోడలికి చెంచాడు గీరి పంపాను, మేడ్చల్‌కు. చెప్పేశాను. మేబెలక్క నన్ను తిట్టలేదు. తిట్టడానికి ఆమెకు తీరిక లేదు.

"నంబర్లు చెప్పున్రి" అని, మందుల కవరు చింపి, దాని వెనక రాయడం మొదలుపెట్టింది. బయట అరుగు మీద మిగతా ఆడవాళ్లు చెప్పులు తొడుక్కుంటున్నారు. ఆమె గబగబా పోయి గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఎవ్వరు పోవద్దు. మీ డబ్బాలకెళ్లి ఎవరెవరికి పెట్టిన్రో చెప్పినంకనే పోవాలె."

వెనక నుంచి ఒకామె నెమ్మదిగా చెయ్యెత్తింది. ఆమెను చూసి ఇంకొకామె ఎత్తింది.