మెతుకుతో అంటించిన చీటీ

దెయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. లాయర్ని కదా, సాక్ష్యం లేనిదే మా నాన్న మాట కూడా నమ్మేదాన్ని కాదు. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరాను. అన్నీ వ్యాపార తగాదాలే. నాకు పని నేర్పింది మాత్రం గుమస్తా వీర్రాజు గారు. రోజూ కొవ్వూరు నుంచి బ్రిడ్జి దాటి వచ్చేవారు. ముఖ్యమైన కాగితం మీద చిన్న చీటీ అంటించేవారు. గమ్ ముట్టేవారు కాదు. క్యారేజీలోంచి ఒక అన్నం మెతుకు తీసి వేలితో నొక్కేవారు.

"గమ్ము ఊడిపోద్దండి అమ్మాయిగారూ, అన్నం ఊడదు" అనేవారు. చీమలొస్తాయని నేను సణిగేదాన్ని. ఆయనంటే నాకు ప్రాణం.

ఆయన గుండెపోటుతో పోయిన మూడోవారంలో నా మొదటి క్రాస్ ఎగ్జామినేషన్ వచ్చింది. భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీ నడిపే ఒకావిడ మా క్లయింటు. కొత్త కంప్రెసర్ నెలకే ఆగిపోయింది. బిగించినప్పుడు బాగానే ఉంది, మీరే పాడుచేశారని అమ్మినవాళ్ళ వాదన. ఓడిపోతే ఫ్యాక్టరీ మూతే. ముందురోజు ఫైలు మూడుసార్లు చదివి, ఇంటికి నేనే తీసుకెళ్ళాను.

మర్నాడు, బుధవారం ఉదయం కోర్టు వరండాలో ఫైలు విప్పితే, డెలివరీ చలానా జిరాక్స్ మీద ఒక చీటీ. ఆయన దస్తూరీయే. "అసలుది వెనక చూడండి" అని ఉంది. కింద మెతుకు తాకితే ఇంకా మెత్తగా ఉంది.

మేం ముందువైపే జిరాక్స్ తీయించాం. అసలు చలానా కోర్టు ఫైల్లో ఉంది. అమ్మినవాళ్ళ సాక్షి బోనెక్కాక జడ్జి గారిని అడిగి తీయించి, వెనక్కి తిప్పాను. "శబ్దం వస్తోంది, మార్చి ఇస్తాం" అని బిగించిన రోజే వాళ్ళ మెకానిక్ రాసి సంతకం పెట్టాడు. అది తమ మనిషి సంతకమేనని సాక్షి ఒప్పుకున్నాడు. ఫ్యాక్టరీ నిలబడింది.

ఆ చలానా కోర్టులో దాఖలు చేసింది వీర్రాజు గారే. చీటీ అప్పుడే రాసి ఉండొచ్చు. మూడుసార్లూ నా కళ్ళకి ఆనలేదనుకుందాం. కానీ మూడువారాల మెతుకు ఎండి రాయి అవ్వాలి కదా?

ఆ ఆదివారం కొవ్వూరు వెళ్ళి ఆయన భార్యకు చెప్పాను.

"బుధవారమా అమ్మా? ఆవేళ పొద్దున్న అలవాటు కొద్దీ ఆయనకి క్యారేజీ కట్టేశాను. మళ్ళీ విప్పబుద్ధి కాలేదు" అన్నారు.

ఇప్పటికీ నా ఆఫీసులో గమ్ సీసా లేదు.