ఈరమ్మ చేతికి అందిన కుట్టు

ఆదోనిలో ట్రాక్టరు సీట్లు, ఆటో సీట్లు కుట్టే అబ్బాస్ అలీకి నీళ్ళంటే భయం. తుంగభద్ర ఒడ్డున ఉన్న మా ఊరికి ఆయన తొలిసారి వచ్చింది గత వేసవిలో, మా పాత పడవ లోపలి పలకలకు కొత్త రెగ్జిన్ తొడగడానికి.

వంతెన కోసం మేము పెట్టుకున్న అర్జీల నకళ్ళు, వాటి రసీదులు అన్నీ నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి. వంతెన మాత్రం లేదు. వంతెన కట్టడానికి తీరిక లేని ఏలినవారికి పడవను తప్పుపట్టే తీరిక దొరికింది. జనం వీపు ఆనించే పలకలు కుళ్ళిపోయాయనీ, బాగుచేసేదాకా ఎవరినీ ఎక్కించవద్దనీ కాగితం వచ్చింది. దాన్నీ దాచాను.

పడవ మా ఊరి బజారి అనే అతనిది. ఎక్కడో జలాశయంలో యాత్రికులను తిప్పి తిప్పి అలసిపోయిన ఫైబర్ పడవను అతని తండ్రి కొనుక్కొచ్చాడు. తండ్రి పోయాక ఇంజను బజారి చూసుకుంటున్నాడు. ఎక్కేవాళ్ళకు చేయి అందించడం, చంటిపిల్లల తల్లులను ఎండ తగలని మూలకు చేర్చడం తల్లి ఈరమ్మ పని. ఆమెకు చూపు సన్నగిల్లిందని మాకు తెలుసు. ఎంత సన్నగిల్లిందో ఎవరికీ తెలియనివ్వలేదు.

"తడబడినావంటే ఆ పొద్దే ఒడ్డున కూసోబెడతా మా" అని బజారి అంటూనే ఉండేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

అబ్బాస్ అలీ ఒడ్డున పందిరి కింద పలకలు పరిచాడు. పాత రెగ్జిన్ నిండా పురికొసతో వేసిన మోటుకుట్లు, ముడులు.

"ఎవరప్పా ఈ వైద్యం చేసింది? శెనక్కాయల మూటకు ఏసినట్టు ఏసినారే!"

"మాయమ్మే అన్నా. చినిగినప్పుడల్లా ఏసేది" అన్నాడు బజారి.

పాత తొడుగును కొలతకు పరిచి, కొత్తది కత్తిరించి, కుళ్ళిన ప్లైవుడ్ మార్చి, స్పాంజి అంటించి, ఆయన రెగ్జిన్‌ను ముడత లేకుండా లాగి బిగించాడు. తన అరచేతిని పలక మీద ఈ చివరి నుంచి ఆ చివరికి జార్చాడు.

"సెయ్యి యాడా ఆగగూడదు. అదీ పనంటే!"

పలకలు బిగించాక ఈరమ్మ పడవ ఎక్కింది. ఆమె చేయి కూడా అలాగే జారింది, ఎక్కడా ఆగలేదు. రెండడుగులు వేసేసరికి ఇంజను పెట్టెకు మోకాలు కొట్టుకుని కూలబడింది.

"ఇది ఎవరి పడవరా బజారీ?"

"మనదే మా. ఎంత నున్నగుందో సూడు."

"నున్నగానే ఉండాది. నా సేతికేమీ సెప్పల్యా."

బజారి ఆమె మోకాలి కేసి చూశాడు. "ఇంగ సాల్లే మా. ఒడ్డున కూసో" అన్నాడు. ఈసారి అది వేళాకోళం కాదు. ఈరమ్మ నవ్వలేదు.

అబ్బాస్ అలీ పందిరి కిందికి పోయి, పారేసిన పాత తొడుగును తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. కళ్ళు మూసుకుని తానూ దాన్ని తడిమాడు.

"అమ్మా, ఈ ముడి యాడిది?"

"ఎక్కే కాడిది."

"ఈ అడ్డకుట్టు?"

"ఇంజను వచ్చినాదని."

"ఈ చిక్కుముడి?"

"సంటిబిడ్డల తల్లుల మూల."

"ముందే సెప్పుంటే?"

"సెప్తే నాకు కండ్లు లేవని ఊరంతా తెల్దా?"

ఆయన తల వంచుకున్నాడు. "నేనేమో శెనక్కాయల మూట అంటి."

"అన్నావులే. నా సెవులతో ఇన్న్యా!"

రెగ్జిన్‌కు పడిన చిల్లు మళ్ళీ పూడదు. అందులోంచి దిగిన నీరే పలకను కుళ్ళబెడుతుంది. అది తెలిసిన మనిషే సంచిలోంచి వంకర దబ్బనం తీసి, పురికొసకు మైనం పట్టించి, ఈరమ్మ చేతికిచ్చాడు.

"నేనేస్తే నా కుట్టయితాది. నీ సెయ్యికి నీ కుట్టే తెలుస్తాది. పొడువమ్మా."

పాత కుట్లున్న చోట్లే కొత్త రెగ్జిన్‌ను ఆమె పొడిచింది. పొడిచినప్పుడల్లా దబ్బనం తన ఒంట్లోనే దిగినట్టు ఆయన ముఖం ముడుచుకునేది. చిల్లు పడిన ప్రతిచోటా వేలితో మైనం అదిమాడు. బజారి ఆ వేలి పక్కన దీపం పట్టినట్టు మైనం ముద్ద పట్టుకుని నిలుచున్నాడు.

మర్నాడు పొద్దున పడవ కదిలే ముందు అబ్బాస్ అలీ ఒడ్డునే నిలబడిపోయాడు. ఈరమ్మ ఎక్కే చోట ముడిని తాకి, రెండో చేయి ఆయన వైపు చాచింది.

"రా సాయబూ. భయపడేటోళ్ళను కూసోబెట్టే మూల నాకు తెల్సు."

ఆమె వేళ్ళు పలక వెంబడి నడిచాయి. అడ్డకుట్టు దగ్గర ఆగి, ఇంజను పెట్టెను తప్పుకుని, చిక్కుముడి దాకా ఆయనను నడిపించాయి. బజారి ఇంజను తిప్పాడు.