ఆ ఉదయం అతని చేతులకు ఉన్ని తొడుగులు లేవు

పదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. రాసింది నేనే. అచ్చయింది. మెప్పు పొందింది. అది అబద్ధం.

“ప్రార్థన చేసి అల్లిన ఉన్ని తొడుగులు చేతులకు ఉండగానే ఆ భక్తుడి వేళ్లు చలికి గడ్డకట్టాయి.” ఇదీ ఆ వాక్యం. ఒక హేతువాద మాసపత్రికలో వచ్చిన నా వ్యాసానికి అదే ఆయువుపట్టు. దాన్ని తీసేస్తే మిగతా నాలుగు పేజీలూ కూలిపోతాయి. అందుకే తీయలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పలేకపోయేవాణ్ని. ఇరవయ్యేళ్ల వయసు నుంచి వేదికలెక్కి బాబాల్నీ, స్వస్థత సభల్నీ, వాస్తునీ నిలదీసినవాణ్ని అనుకోండి, నా గురించి అంత తెలిస్తే చాలు. ఆధారం చూపలేక ఎదుటివాడు తడబడితే నాకు కడుపు నిండినట్టుండేది.

రెండువేల నాలుగు డిసెంబరు. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఉండేవాణ్ని. మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుని. నా పక్క బల్ల దేవదానానిది. బాపట్ల వైపు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. ఆదివారాలు తెలుగు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. రోజూ లంచ్‌లో నాతో వాదించేవాడు, ఓడిపోయినా నవ్వేవాడు. మా ల్యాబ్‌లో యంత్రాలు బాగుచేసే రే అనే పెద్దాయన ఏటా పెన్సిల్వేనియాకు జింకల వేటకు వెళ్లేవాడు. ఆ ఏడు మా ఇద్దర్నీ రమ్మన్నాడు. క్లాసులకు వెళ్లాం, లైసెన్సులు తీసుకున్నాం.

రే తుపాకీ గురించి కన్నా చలి గురించే ఎక్కువ చెప్పాడు. నడిచేటప్పుడు మందపాటి కోటు వేసుకోవద్దు, వీపున కట్టుకోండి, చెమట పడితే తర్వాత ఆ తడే మిమ్మల్ని కొరుకుతుంది అన్నాడు. ఒంటికి నూలు బట్ట తగలనివ్వద్దన్నాడు. చెట్టుకు బిగించిన కుర్చీలో నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి కాబట్టి మామూలు గ్లవ్స్ చాలవనీ, వేళ్లన్నీ ఒకేచోట ఒదిగే ఉన్ని తొడుగులు కావాలనీ, కాల్చే ముందు వాటిని తీస్తే సరిపోతుందనీ చెప్పాడు.

దేవదానం దగ్గర అచ్చం అలాంటివే ఉన్నాయి. అతని భార్య కరుణ, చర్చిలో ఇంకొందరు ఆడవాళ్లు కలిసి అల్లేవారు. అల్లుతూ ప్రార్థన చేసేవారు. ఆసుపత్రుల్లో రోగులకు పంచేవారు. ఆ చలికాలం ఒక జత తన భర్త కోసం అల్లింది.

తెల్లవారుతుండగా అడవి అంచున కారు ఆపాం. రే దారి చూడడానికి ముందు వెళ్లాడు. దేవదానం సంచిలోంచి ఆ తొడుగులు తీసి వేసుకోబోయాడు. నా నోరు ఊరుకోలేదు.

“నిన్ను వెచ్చగా ఉంచేది ఉన్నియా, ప్రార్థనా?”

“రెండూ ఉంటే ఏం పోయింది అన్నగారూ?”

“దేని పనో తేలదు. కంట్రోల్ లేని ఎక్స్‌పెరిమెంట్‌ని ల్యాబ్‌లో ఒప్పుకుంటావా? రెంట్లో ఒకటి తీసెయ్.”

“ప్రార్థన ఆల్రెడీ చేసేశారు, వెనక్కి తీసుకోలేం గదా.” నవ్వాడు. “సర్లెండి, వీటినే కార్లో పడేస్తా. లేకపోతే నెల్రోజులు లంచ్‌లో నన్ను వదలరు మీరు.”

నా జేబులోంచి రెండు వేడి పొట్లాలు తీసి అతనికిచ్చాను. “ఇనప రజను. గాలి తగిలితే తుప్పు పట్టి వేడెక్కుతుంది. దీనికి ఆమెన్ అక్కర్లేదు.”

అతను వాటిని నీళ్లు చొరబడని గ్లవ్స్‌లో పెట్టుకుని మణికట్టు పట్టీలు బిగించాడు. గాలి ఆడదు. గాలి ఆడకపోతే ఆ పొట్లాం చల్లారుతుంది. నేను చూస్తూనే ఉన్నాను. నాకు తట్టలేదా? తట్టింది. క్షణంపాటు తట్టింది. అప్పుడే గెలిచిన వాదనలో నా తప్పు నేనే ఎత్తిచూపడమెందుకు అనుకున్నానా, లేక బద్ధకమా? పదేళ్లుగా అడుగుతున్నాను. తేలలేదు. ఆ రోజు నా చేతులకు కొట్లో కొన్న ఉన్ని తొడుగులు ఉన్నాయి. వాటి మీద ఎవరూ ప్రార్థన చేయలేదు కాబట్టి వాటితో నాకు పేచీ లేదు.

నాలుగు గంటలు కూర్చున్నాం, రెండు వేరు వేరు చెట్ల మీద. జింక రాలేదు. నాకు చలి వేయలేదు. రే వచ్చి పిలిచేసరికి దేవదానం నిచ్చెన పట్టుకోలేకపోయాడు. రే అతన్ని దాదాపు మోసి దించాడు. గ్లవ్స్ తీస్తే ఎడమచేతి చివరి రెండు వేళ్లు మైనంలా ఉన్నాయి. నొప్పేమీ లేదన్నాడు. మరి ముందే దిగిరాలేదేం అని రే అడిగాడు. ముందు దిగితే అన్నగారు గెలిచినట్టవుతుందని దిగలేదట. ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడు.

కొన్ని వారాల తర్వాత ఆ రెండు వేళ్ల కొనలూ తీసేశారు. మొదట్లోనే ఆసుపత్రి మంచం పక్కన కరుణ అడిగింది, తొడుగులు ఏమయ్యాయని. కార్లో మర్చిపోయానని చెప్పాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. తల ఊపాను.

వసంతంలో ఆ వ్యాసం రాశాను. నిజం చెప్తున్నాను, మొదట “తొడుగులు కార్లో ఉండగా” అనే రాశాను. అలా రాస్తే ప్రార్థన ఓడిపోదు, నేను ఓడిపోతాను. మార్చాను. అయిదు నిమిషాల పని. పేరు రాయలేదు, ఊరు రాయలేదు, కాబట్టి ఎవరికీ నష్టం లేదనుకున్నాను. ఆధారం లేకుండా మాట్లాడేవాణ్ని మోసగాడని వందసార్లు అన్న నోరు నాది. ఆధారాన్ని తయారుచేసేవాణ్ని ఏమనాలి?

ప్లెయిన్స్‌బరోలో అతనెవరో తెలియనిదెవరికి? పత్రిక చర్చిదాకా వెళ్లింది. తొడుగులు వేసుకునే ఉన్నావా, మర్చిపోయానని ఎందుకు చెప్పావు అని అందరూ దేవదానాన్ని అడిగారట. నిజం చెప్పాలంటే నా పేరు చెప్పాలి. చెప్పలేదు. భార్య ముందు అబద్ధాలకోరుగా నిలబడ్డాడు. కరుణ తన అల్లికలోనే ఏదో లోపముందనుకుంది. ఆ తర్వాత ఆవిడ అల్లలేదని విన్నాను. రోగులకు వెళ్లే తొడుగులు ఆగిపోయాయి. ల్యాబ్‌లో దేవదానం నాతో పని మాటలే మాట్లాడేవాడు. వాదించడం మానేశాడు. ఏడాదిలో వర్జీనియాకు, ఆష్‌బర్న్‌కి మారిపోయారు.

నేను మారలేదు. ప్రార్థన వేడినివ్వదు, ఇప్పటికీ అదే అంటాను. ఉన్ని ఇస్తుంది. ప్రార్థన మీద కోపంతో ఉన్నిని లాక్కున్నవాణ్ని నేను. మూఢత్వం అని దేన్నైతే జీవితమంతా తిట్టానో దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇలా అనుకున్నప్పుడు ఏడుపు రావాలి. రాదు. లోపల ఏమీ కదలదు.

పత్రిక మూతపడింది, సవరణ వేయడానికి చోటు లేదు. వ్యాసం మాత్రం ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. కుర్రాళ్లు చర్చల్లో దాన్ని నా ముందే ఉదహరిస్తారు. ఇన్నాళ్లూ నేను మాట మార్చేవాణ్ని.

ఇక్కడిదాకా రాసిన కాగితాల నకలు, పైన ఒక ఉత్తరం పెట్టి, కరుణ పేరున పోస్టులో పంపాను. ఆవిడ అల్లికలో లోపం లేదని ఆ ఉత్తరం మొదటి వరుసలోనే రాశాను. రెండు నెలలైంది. జవాబు లేదు. వస్తుందని పంపలేదు, రాదని కూడా పంపలేదు. పోయిన శనివారం ఒకతను ఫోన్ చేసి ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నాడు. అది అబద్ధమయ్యా, రాసింది నేనే, అన్నాను. తొడుగులు కార్లోనే ఉన్నాయని చెప్పాను. ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చుకున్నాను, అంతే.