కంటికి నీళ్లు బంద్ పెట్టిన లష్కర్

నీళ్లలో పడి కొట్టుకుపోయినవాళ్ల కథలు మీరు చాలా విని ఉంటారు. నిండుగా పారే కాలువ గట్టు మీద నిలబడి, నీళ్లు లేక పైలోకం గుమ్మందాకా వెళ్లొచ్చిన మనిషి కథ మాత్రం ఇదొక్కటే. ఆ ఘనుణ్ణి నేనే.

డెబ్బయ్యో దశకం చివర్లో బాన్సువాడ దగ్గర నిజాంసాగర్ కాలువ మీద లష్కర్ని. తూములు ఎత్తడం, దించడం, ఏ పొలానికి ఏ రోజు నీళ్ల వంతో చూడటం నా పని. చిన్నప్పటినుంచీ నాకు దూరం కనబడదు. సోడాబుడ్డి అద్దాలు తీస్తే, గట్టున మేసే బర్రెకు "శనార్థి పటేలా" అని దండం పెట్టేవాణ్ణి. అదీ మర్యాదగా తల ఊపేది.

ఓసారి అద్దాలు మార్పించుకుందామని నిజామాబాద్‌లో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా కంట్లోకి దీపం వేసి, బావిలో పడ్డ బొక్కెన కోసం వెతికినట్టు చాలాసేపు వెతికాడు.

"మీ ఇంట్ల ఎవరికన్నా చూపు పోయిందా?"

"మా పెద్దబాపుకు పోయింది సార్, మా నాయిన అన్నకు. పక్కలు కనబడక గోడలకు తగులుతుండె. ముసలితనమనుకున్నం. ఆఖరుకు అంతా చీకటైంది."

"నీకు నీటికాసులు కావచ్చు. కంట్ల నీళ్లు ఊరుతయి, బయటికి పోతయి. పోయే దారి సరిగ్గ లేకుంటే ఒత్తిడి పెరిగి నరాన్ని చంపుతది. దూరం కనబడనోళ్లకు ఇది ఎక్కువ. కాకపోతే అసొంటోళ్ల కంటి నరం పుట్టుకతోనే వంకర ఉంటది, రోగం లేకున్నా ఉన్నట్టే కనబడ్తది. పరీక్ష చేసి తేల్చాలె. ఐదు రోజులకు పొద్దుగాల్ల రా. ముందు రాత్రి నుంచి నీళ్లు తాగకు."

బస్సులో పెద్దబాపు గోడలు తడుముకునే చేతులే గుర్తొచ్చాయి. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, పక్కలు కనబడుతున్నాయో లేదో చూసుకుంటూ కూర్చున్నాను. పక్క వరుసలో ఉన్నామె నేను కన్ను కొడుతున్నాననుకుని, నాలుగు తిట్లు తిట్టి ముందు సీటుకు పోయింది. ఆమె పోవడం స్పష్టంగా కనబడింది గనుక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

అప్పుడే నాలోని లష్కర్ నిద్రలేచాడు. పొలం మునుగుతుంటే ఏం చేస్తాం? ఎగువ తూము దించుతాం. ఒక్క రాత్రి బంద్ పెడితేనే డాక్టరుకు మేలైతే, ఐదు రోజులు పెడితే నా కన్ను పరీక్షలో ఫస్టు క్లాసులో పాసవ్వదూ? గోరంత బుద్ధికి కొండంత తెలివి అంటే ఇదే.

మా ఆవిడ గంగామణికి ఈ సంగతి చెప్పలేదు.

"సల్ల పొయ్యనా?"

"వద్దు."

"పప్పుచారు?"

"అది గూడ నీళ్లే గదా. ఎండు గట్క పెట్టు."

"గట్కకు నీళ్లు పొయ్యకుంటే మక్కరవ్వనే గదనయ్యా."

"రవ్వనే పెట్టు. కోడి బతుకుతలేదా?"

"కోడి గూడ నీళ్లు తాగుతది."

రోజుకు రెండే గుక్కలు తాగేవాణ్ణి. అవీ కళ్లు మూసుకుని, కంటికి తెలియకుండా.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, గుంటూరు వైపునుంచి వచ్చి ఇక్కడ వరి వేస్తున్న సుబ్బారావుగారు నన్ను తూము దగ్గర చూశాడు.

"ఏవయ్యా లష్కరూ, మొహం వడియంలా ఎండిపోయిందేంటి? ఇదిగో, కాస్త మజ్జిగ తాగు."

"ఈ వారం నా వంతు కాదు సార్," అన్నాను. అన్నానో లేదో, కాలువ ఆకాశంలో పారింది. తూము చక్రాన్ని కౌగిలించుకుని కింద పడ్డాను. ఆయన మజ్జిగ నోట్లో పోయబోతే పళ్లు బిగబట్టానట. నెత్తిన పోసి, బండి మీద ఇంటికి చేర్చాడు. అక్కడ గంగామణి సగం నిజం కక్కించి, మర్నాడు నాకు కాపలాగా దవాఖానకు వచ్చింది.

డాక్టరు నా కంటి మీద చిన్న సామాను ఆనించి ఒత్తిడి కొలిచాడు. "చాన తక్కువున్నది," అన్నాడు. నేను మీసం దువ్వాను. ఆయన పెద్ద జగ్గు నిండా నీళ్లు తెచ్చి ముందు పెట్టాడు.

"ఇగ ఇది మొత్తం తాగు. తాగినంక ఒత్తిడి ఎంత పెరుగుతదో చూసుడే పరీక్ష."

నా మీసం దానంతటదే వాలిపోయింది. "నీళ్లొద్దు సార్, మునుగుతది," అన్నాను.

"ఐదు రోజుల సంది గిదే పాట సార్," అంది గంగామణి. "తాగుతలేడు."

డాక్టరు జగ్గు వెనక్కి లాక్కున్నాడు. "ఎవలను మోసం చేస్తున్నవ్? నీకు రోగమున్నా ఇయ్యాల నాకు దొరకకపోవు. మంచిగున్నవ్ పో అని పంపిస్తుంటి. నువ్వు సంబురంగ పోయి, మీ పెద్దబాపు లెక్క గోడలు పట్టుకుంటుంటివి."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

"వారం దినాలు మనిషి లెక్క తిను, తాగు. అప్పుడు రా."

వారం తర్వాత జగ్గు మొత్తం తాగాను. పావుగంటకోసారి కొలుస్తుంటే నా గుండె పిండిగిర్నీలా ఆడింది. గంగామణి గోడవైపు తిరిగి ఎల్లమ్మకు మొక్కుకుంటోంది. నాలుగోసారి కొలిచాక డాక్టరు సామాను పక్కన పెట్టాడు.

"పెరగలే. ఇయ్యాలటికి రోగం లేదు. నరం పుట్టువంకర, అంతే. కాని ఏడాదికోసారి తప్పక చూపించుకోవాలె."

ఎన్ని రోజులనుంచి బిగబట్టానో, ఊపిరి ఒక్కసారి వదిలాను. బల్ల మీద కాగితాలు లేచిపోయాయి. కాగితాలు ఏరుతూ గంగామణి అడిగింది:

"సార్, ఆ వంకర కంట్లనేనా? నెత్తిల గూడ ఉన్నదేమో జర చూడుండ్రి."

"దానికి మందు ఇంకా రాలేదమ్మా," అన్నాడాయన.

ఆనాడే కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను. డాక్టరు తాగమంటే తాగుతాను, వద్దంటే మానతాను. ఈ రెంటికీ నడుమ నా తెలివిని ఒక్క చుక్క కూడా వాడను.