మోరీలో తునికాకు

మా మున్సిపాలిటీ ఏడాది ప్రగతి నివేదిక టైపు చేసేది నేనే. రోజూ కోరుట్ల నుంచి వచ్చే వర్క్ ఇన్‌స్పెక్టర్ సారు సరేనంటేనే కొత్తగా కట్టిన మురుగు కాలువ, అదే మా మోరీ, అందులోకి ఎక్కేది. ఆయన మోరీలో బిందెడు నీళ్లు పోయించి, బీడీలు చుట్టేవాళ్లను తునికాకు ముక్క అడిగి తీసుకుని ఆ నీళ్లలో వదిలేవాడు. దాని వెంటే చివరిదాకా నడిచేవాడు.

నివేదిక పంపాల్సిన రోజు నేనూ వెంట వెళ్లాను. ఆకు బీడీలు చుట్టే ఒక అవ్వ ఇంటి ముందు ఆగిపోయింది.

“పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు సార్. అయిపోయిందని రాయాల్నా?”

“ఆకే కదుల్తలేదు బిడ్డా. వానకు గీ నీళ్లన్ని అవ్వ ఇంట్లకే పోతయి. గీ మోరీ తీసెయ్యి.”

నివేదికలో ఒక మోరీ తగ్గింది. ఆయన మాటలు పడ్డాడు, కానీ పట్టుబట్టి వాలు సరిచేయించాడు.

ఆ వానాకాలం అవ్వకు బీడీల చాటను మంచమ్మీదికి ఎత్తాల్సిన పని రాలేదు.