బండరాయి మీద మూడు గీతలు

పోయిన ఆదివారం పక్కింటాయన తన ఫోన్ తెచ్చి నా కళ్లద్దాల ముందు పెట్టి, ఇది మీ వైపు గుట్టేమో చూడండి అన్నాడు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక బృందం రాళ్ల దారుల్లో సరదాకు బండ్లు నడుపుతూ తీసుకున్న వీడియో అది. ఎత్తయిన చక్రాలు, కప్పు మీద వరుసగా దీపాలు, తలుపుల మీద ముచ్చటపడి తుడవకుండా ఉంచుకున్న ఎర్రమట్టి. వాటిలో ఒకటి ఏటవాలు మధ్యలో ఆగిపోయి, వెనుక చక్రాలు ఉన్నచోటనే తిరుగుతూ గులకరాళ్ల గరుసును బరబరా చిమ్ముతూ ఉంది. ఆ చప్పుడు వినగానే నా చూపు బండిని వదిలి దారికి ఎడమ పక్కనున్న పెద్ద బండరాయిని వెతుక్కుంది. దాని మీద తెల్లరంగుతో గీసిన మూడు అడ్డగీతలు ఎండకు పాలిపోయి ఇంకా ఉన్నాయి. వాటిని గీసింది నేనే. వాలు మొదలయ్యే చోటు నుంచి ఇరవై రెండు అడుగుల దగ్గర మొదటిది, ముప్ఫై ఒకటి దగ్గర రెండవది, ఇరవై ఆరు దగ్గర మూడవది. మూడవది రెండవదానికి దిగువన ఎందుకు ఉందో పక్కింటాయనకు వివరించబోతే ఆయన కాఫీ చల్లారిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివేవారు తమ కాఫీ ముందే తాగివేయవచ్చు.

పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు యంత్రాల పాఠాలు చెప్పి నేను పదవీ విరమణ చేసిన ఏడాది వేసవిలో జరిగిన సంగతి ఇది. మడకశిర అవతల, ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో కన్నడం వినపడే పల్లెలో మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, గొర్రెలు పెంచేవాడు. మందలో ఎనభై రెండు ఉండేవి. ఆ సంఖ్య చెప్పినంత కచ్చితంగా ఆయన తన వయసు చెప్పలేడు. రెండేళ్లుగా వానలు లేక కింది చేలల్లో గడ్డిపరక మిగలలేదు. ఊరికి మూడు మైళ్ల దూరంలో గుట్ట మీద మాత్రం రాళ్ల సందున ఎండుగడ్డి ఉండేది. మంద అక్కడే మకాం. తాగడానికి వాననీరు నిలిచే రాతి దొన ఒకటి ఆ గుట్ట నెత్తిన ఉంది. ఈనిన గొర్రెలు, పాలు మరవని పిల్లలు ఉన్న మందను రోజూ ఆరు మైళ్లు ఎండలో దించి ఎక్కించడం కుదిరే పని కాదు. నేను అలవాటు కొద్దీ దొనలో కర్ర ముంచి కొలిచాను. అయిదు అడుగుల నీరుంది. నాలుగు రోజుల తరువాత కొలిస్తే అయిదు అంగుళాలు తగ్గింది. ఇక నలభై నాలుగు రోజులు వస్తుందని తేల్చి చెప్పాను. చిన్నాయన తలపాగా సర్దుకుని, "నువ్వు చెప్పకున్నా ఎండుతాది లేప్పా," అన్నాడు. "ఎండిన దినం సంత యాపారికి కబురు పంపుతా. లారీ వస్తాది, మంద పోతాది. ఆ పైన నన్ను ఈ గుట్ట దిక్కు సూడమనొద్దు."

ఆయన పెరట్లో చింతచెట్టు కింద ఒక పాత డీజిల్ పికప్ బండి తొమ్మిదేళ్లుగా నిలబడి ఉంది. ఒకప్పుడు చెనిక్కాయల మూటలు మండీకి మోసిన బండి. చిన్నాయన మోకాలు క్లచ్ తొక్కడానికి మొరాయించిన నాటి నుంచి అది కోళ్లకు నివాసం. దాన్ని బాగుచేసి గుట్టకు నీళ్లు తోలాలని నేను నిశ్చయించుకున్నాను. ట్రాక్టరుకు మోకు కట్టి మడకశిర రోడ్డు మీది షెడ్డుకు లాక్కెళితే, మెకానిక్ బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసి, "సార్, ఇది బండి కాదు, పుట్ట. ముందు పాములోళ్లను పిలవండి, తర్వాత నన్ను పిలవండి," అన్నాడు. పాము లేదు గాని, గాలి ఫిల్టరు నిండా ఎలుకలు దాచుకున్న చెనిక్కాయ పొట్టు ఉంది. ఇంజన్ హెడ్డు విప్పి రింగులు మార్చాము. కొత్త క్లచ్ ప్లేటు వేశాము. వెనుక కమాన్ కట్టలో, అంటే బరువు మోసే స్ప్రింగులో, విరిగిన రెండు పట్టీలకు బదులు కొలిమిలో కొత్తవి సాగదీయించాము. ఆ కట్టలు తగిలే చోట ఛాసిస్‌ను జానెడు మేర తుప్పు తినేసింది. అక్కడ అయిదు మిల్లీమీటర్ల ఇనుప రేకు అతికించాము. రాళ్లు తగలకుండా సైలెన్సరును పైకి ఎత్తి కట్టి, ఇంజన్ అడుగున పలక బిగించాము. వాల్వుల సందును నేను గేజి పెట్టి కొలిచేవాణ్ణి, మెకానిక్ చెవి పెట్టి వినేవాడు. ఇద్దరికీ ఒకే ఫలితం వచ్చేది; నాకు అరగంట ఎక్కువ పట్టేది. ముప్ఫైయవ రోజున బండి దగ్గి, నల్లపొగ వదిలి, తిరిగింది.

గుట్ట దారంతా ఒక ఎత్తు, బండరాయి పక్కనున్న ఆ వాలు ఒక ఎత్తు. అరవై అడుగుల పొడవు, దారపు గుండు వేలాడదీసి కొలిస్తే పదహారు డిగ్రీలు, అడుగున నిలవని గరుసు. నీళ్లు లేకుండా ప్రయత్నించాలనే విషయంలో మాకు ఎవరికీ సందేహమే కలగలేదు. చిన్నాయన ఇంటి బోరు రోజుకు మూడు డ్రమ్ములు పోసేది. ఒకటి ఇంటికి, ఆవులకు. బండికి పట్టే నాలుగు డ్రమ్ములు పోగవ్వాలంటే రెండు రోజులు కావాలి. ఎక్కుతుందో లేదో తేలని బండిలో అన్ని నీళ్లు పెట్టి పంపడమన్న ఊహ ఆ నేల మీద పుట్టిన వాళ్లకు రాదు. అందుచేత ఖాళీ బండితో ఎక్కాను. ఇరవై రెండు అడుగుల దగ్గర చక్రాలు తిరగడమే గాని బండి కదలలేదు. దిగి బండరాయి మీద గీత గీశాను. లోతైన గాడులున్న కొత్త టైర్లు వేశాక ముప్ఫై ఒకటి. సంతోషించి, బరువు తగ్గితే పని సులువవుతుందని వెనుక ఇనుప తొట్టిని కోయించి చెక్కలు పరిపించాను. స్పేర్ చక్రాన్ని వెనుక నుంచి తీసి ముందు బిగించాను. కాటా మీద తూకం వేయిస్తే నూట తొంభై కిలోలు తగ్గింది. ఆ గర్వంతో ఎక్కితే ఇరవై ఆరు. క్లచ్ మీద అనుమానపడ్డాను, గరుసు మీద పడ్డాను, చివరకు ఆ రోజు గాలి మీద కూడా పడ్డాను. దొనలో నీరు అప్పటికి అయిదంగుళాలకు దిగింది.

ఆ సాయంత్రం నేను నేల మీద పుల్లతో బొమ్మలు గీస్తుంటే మా చిన్నమ్మ, చిన్నాయన భార్య, రాగులు చెరుగుతూ చేట దించింది. ఆ బండి మీద ఆమె ఎప్పుడూ ముందు కూర్చోలేదు. వెనుక మూటల మీదే ప్రయాణం.

"ఏమప్పా సారూ, మండీకి పోయేటప్పుడు మన వంక గట్టు ఈ బండి ఎక్కేది గదా. తోసినామా ఎప్పుడన్నా?"

"లేదు చిన్నమ్మా."

"మళ్లొచ్చేటప్పుడు? మూటలు దించేసి వచ్చేటప్పుడు?"

చిన్నాయన బీడీ పక్కన పెట్టి, "అప్పుడందరమూ దిగి తోసేవాళ్లం," అన్నాడు, ఎవరో తనను నిద్ర లేపినట్టుగా.

"అదే నేను సెప్తాండేది. నీళ్ల బండికి నీళ్లు పోయకుండా ఎక్కు ఎక్కు అంటే యాడ ఎక్కుతాది? దాని ఎనక పక్క కాళ్లు నేలకు ఆనొద్దా?"

నేను పుల్ల కింద పెట్టాను. వెనుక చక్రాలు తోసే బండికి పట్టు దొరకాలంటే ఆ చక్రాల మీద బరువు ఉండాలని మూడవ సెమిస్టరు పిల్లలకు ఏటా ఆగస్టులో చెప్పేవాణ్ణి. నా చేతులతో నేనే ఆ బరువును కోసి పారేశాను. రెండవ గీతకు దిగువన మూడవ గీత గీసినప్పుడే రాయి నాకు పాఠం అప్పజెప్పింది. నేను క్లచ్ వైపు చూశాను.

"పోసినా ఎక్కకుంటే?" అన్నాడు చిన్నాయన. "రెండు దినాల నీళ్లు గరుసు పాలు."

"పోతే పోనీ. ఇంటికి పెట్టుకునేది గూడా దీంట్లోనే పొయ్యి. రెండు దినాలు నీళ్లు పోసుకోకుంటే ఎవురూ సావరు. నీ మాదిరి కూసోని దొన దిక్కు సూస్తాంటే మాత్రం గొర్రెలు సస్తాయి."

ఒక రోజు గడిచి, ఆ మరునాటి మధ్యాహ్నానికి నాలుగు డ్రమ్ములు నిండాయి. మూతికి నాలుగు వేళ్లు వెలితి ఉంచమన్నాను, చిన్నాయన ఒప్పుకోలేదు. వెలితి ఉంటే నీళ్లు ఆడతాయని, ఆడితే బండిని గుంజుతాయని ఆయన వాదన. లెక్క ప్రకారం అదీ నిజమే. అంచు దాకా పోసి, మూతలు బిగించి, వెనుక ఇరుసు పైకి వచ్చేలా జరిపి మోకులు కట్టాము. ఎనిమిది వందల కిలోలు. సాగదీయించిన కమాన్ పట్టీలు మొదటిసారి వంగి పని చేశాయి. చిన్నమ్మ తలకాయంత రాయి ఒకటి చంకన పెట్టుకుని బండి పక్కన నడిచింది; ఆగితే చక్రం వెనుక వేయడానికి. "నిలిపితే సెప్పు, ఏస్తా. నిలపాకు," అంది. ఒకటో గేరులో, కాలు కదపకుండా, ఎక్కించాను. ఇరవై రెండు దాటింది. ఇరవై ఆరు దగ్గర కుడి చక్రం ఒకసారి జారి, గరుసును నొక్కుకుని పట్టు దొరకబుచ్చుకుంది. ముప్ఫై ఒకటి దగ్గర ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు చేతిలో ఆడింది. అద్దంలో చిన్నమ్మ రాయి పట్టుకుని ఆయాసంతో ఎక్కుతూ కనిపించింది. ఆ తరువాత వాలు అయిపోయి, అద్దంలో గుట్ట అడుగు కనిపించింది. పైన గొర్రెలు ఇంజన్ చప్పుడుకు బెదిరి పారిపోయి, నీళ్ల వాసనకు తిరిగి వచ్చాయి. చిన్నాయన వెనుక నుంచి కుంటుకుంటూ చేరుకుని, ఎనభై రెండూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాడు. చిన్నమ్మ మాత్రం మోసుకొచ్చిన రాయిని దొన పక్కన దించి, "ఈ రాయి ఊరికే మోపిచ్చినావు గదప్పా," అని నా మీద నిష్ఠూరమాడింది.

ఆ వేసవి రెండు రోజులకొకసారి నీళ్లు ఎక్కాయి. వ్యాపారికి కబురు వెళ్లలేదు. దిగేటప్పుడు డ్రమ్ములు ఖాళీ గనుక వాటిలో రాళ్లు నింపుకుని దిగేవాణ్ణి. ఆ మాత్రం నేర్చుకున్నాను. బండరాయి మీద ఉన్నవన్నీ బండి ఆగిన చోట్ల గుర్తులే. ఎక్కిపోయిన రోజున గీయడానికి నేను దిగలేదు కాబట్టి దానికి గుర్తు లేదు. ఆ రోజు గురించి చిన్నమ్మను ఫోన్‌లో అడిగితే, "ఏ దినమప్పా అది? శానా సార్లు ఎక్కింది గదా," అంటుంది. గీతల రంగు పూర్తిగా కొట్టుకుపోవడానికి నాలుగు మంచి వానాకాలాలు చాలు; మా గుట్ట మీద నాలుగు మంచి వానాకాలాలంటే ఎన్నేళ్లో లెక్క కట్టడం మాత్రం నాకు ఇప్పటికీ చేతకాదు.